ఆ నాలుగున్నరేళ్ళూ ఇల్లెలా గడిచింది?

ఇండీ గేమ్స్ అనగానే మనందరికీ నచ్చే కథ ఒకటుంది. ఒక్కడే కూర్చున్నాడు, ఒక్కడే కోడ్ రాశాడు, బొమ్మలు వేశాడు, మ్యూజిక్ చేశాడు, గేమ్ రిలీజ్ చేశాడు, తెల్లారేసరికి కోటీశ్వరుడు అయిపోయాడు. మా బ్రాంచ్‌లో ఈ కథ చెప్పనివాళ్ళు లేరు. ల్యాబ్‌లో చెప్తారు, క్యాంటీన్‌లో చెప్తారు, యూట్యూబ్‌లో అయితే రోజుకొకరు చెప్తారు. కథ అబద్ధమేం కాదు. కానీ చెప్పేటప్పుడు ఒక ముక్క ఎప్పుడూ జారిపోతుంది. ఆ గేమ్ తయారవుతున్నన్నాళ్ళూ అద్దె ఎవరు కట్టారు? బియ్యం ఎవరు తెచ్చారు?

ఈ వ్యాసం ఆ జారిపోయిన ముక్క గురించే. లెక్కలు కొంచెం ఎక్కువ ఉంటాయి, భయపడకండి, అన్నీ ఎనిమిదో తరగతి లెక్కలే.

ముందు ఒక మాట క్లియర్ చేసేస్తాను. "గేమ్స్‌లో డబ్బులు" అని ఇంట్లో అన్నామంటే మన పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది ఆన్‌లైన్ రమ్మీ. వాళ్ళ భయంలో తప్పు లేదు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. నేను మాట్లాడేది ఆ ఆటల గురించి కాదు. ఒకరో ఇద్దరో, పెద్ద కంపెనీ పెట్టుబడి, పెత్తనం లేకుండా, ఒక కథల పుస్తకం రాసినట్టు సొంతంగా చేసి అమ్ముకునే గేమ్స్ గురించి.

1. అందరికీ తెలిసిన కథలో తెలియని సగం

స్టార్‌డ్యూ వ్యాలీ చాలామంది ఆడే ఉంటారు. తాతగారు వదిలివెళ్ళిన పొలంలో రాళ్ళు ఏరి, విత్తనాలు నాటి, ఊళ్ళోవాళ్ళతో స్నేహం చేసుకునే గేమ్. చేసింది ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తి చేశాడు. ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి ప్రాక్టీస్‌గా ఉంటుందని సీ షార్ప్‌లో, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఎన్‌ఏ అనే ఫ్రేమ్‌వర్క్ మీద ఒక చిన్న పొలం గేమ్ మొదలుపెట్టాడు. ఆ చిన్న గేమ్ నాలుగున్నరేళ్ళు పట్టింది. 2016 ఫిబ్రవరి 26న రిలీజైంది. ధర 15 డాలర్లు. రెండు నెలల్లో పది లక్షల కాపీలు దాటింది. 2024 చివరికి 4 కోట్లు దాటింది. ఇప్పటికీ కొత్త అప్‌డేట్లకి పైసా తీసుకోడు.

ఇది తెలిసిన సగం. తెలియని సగం ఏంటంటే, ఆ నాలుగున్నరేళ్ళలో అతనికి జీతం లేదు. సియాటెల్‌లోని పారమౌంట్ థియేటర్‌లో పార్ట్‌టైమ్‌గా, వచ్చినవాళ్ళకి సీటు చూపించే పని చేశాడు. అది చాలదు. అతనితో కలిసి ఉంటున్న అమ్మాయి పైచదువు చదువుకుంటూ, తన సంపాదనతో ఇంటి ఖర్చులో పెద్ద భాగం మోసింది. గేమ్ క్రెడిట్స్‌లో "ఒక్కడే చేశాడు" అని మనం గొప్పగా చెప్పుకుంటాం. కోడ్ వరకూ ఒక్కడే. ఆ ఇల్లు నడిపింది మాత్రం ఇద్దరు.

మిగతా కథల్లో కూడా ఇదే ప్రశ్న వేసి చూడండి, ఒక్కోచోట ఒక్కో జవాబు వస్తుంది. బ్రెయిడ్ అనే గేమ్ 2008లో వచ్చింది. దాన్ని చేసిన జొనాథన్ బ్లో దాదాపు 2 లక్షల డాలర్ల సొంత డబ్బు పెట్టాడు, అందులో చాలావరకు తన తిండికీ అద్దెకీ, బొమ్మలేసిన ఆర్టిస్టు జీతానికీ పోయింది. మైన్‌క్రాఫ్ట్ చేసిన మార్కస్ పెర్సన్ 2009లో గేమ్ సగంలో ఉండగానే అమ్మడం మొదలుపెట్టాడు. అమ్మకాలు నిలకడగా వస్తున్నాయని చూసుకుని, 2010లోగానీ ఉద్యోగం మానలేదు. హాలో నైట్ చేసిన టీమ్ చెర్రీ వాళ్ళు ఆస్ట్రేలియావాళ్ళు. 2014లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర 57 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు చందాలుగా పోగుచేశారు. బలాత్రో చేసిన కెనడా కుర్రాడు లోకల్‌థంక్ అనే మారుపేరుతోనే ఉంటాడు. 2021 చివర్లో సరదాకి మొదలుపెట్టిన ఆ గేమ్ 2024 ఫిబ్రవరిలో వచ్చి, మొదటి నెలలోనే పది లక్షల కాపీలు అమ్ముడైంది.

తోడున్న మనిషి సంపాదన, దాచుకున్న డబ్బు, పక్కన ఉద్యోగం, చందాలు. ప్రతి కథలోనూ వీటిలో ఏదో ఒకటి ఉంది. ఏదీ లేకుండా గాల్లోంచి వచ్చిన గేమ్ నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

2. నాన్న అడిగిన ప్రశ్న

మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. నాన్న కౌలుకి తీసుకుని మిర్చి వేస్తారు. చదువయ్యాక గేమ్ చెయ్యాలనుందని నేను ఇంట్లో చెప్పినప్పుడు ఆయన వద్దనలేదు. "చెయ్యమ్మా. చేసినన్నాళ్ళూ ఇల్లెట్టా గడుస్తదో ముందు అది చెప్పు" అన్నారు.

ఎవరైనా ఇలా అడిగితే మనం "సపోర్ట్ చెయ్యట్లేదు" అనేస్తాం. కానీ ఆయన అడిగింది ఒక రైతు ప్రశ్న. మిర్చికి కౌలు ముందు కట్టాలి. నారు, ఎరువు, పురుగుమందు, కూలీలు, అన్నీ పంట రాకముందు ఖర్చులే. వానాకాలంలో నాటితే కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుంటాయి. ఎండబెట్టి, టిక్కీలకెత్తి, యార్డుకి తోలాక గానీ ధరెంతో తెలీదు. ఆ రోజు ధర లేకపోతే రెండు దార్లు: వచ్చినకాడికి అమ్ముకోవడం, లేదా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగడం. మా వైపు దాన్ని ఏసీలో పెట్టడం అంటారు.

అసలు విషయం ఇక్కడుంది. ఒకే చేలో పండిన ఒకే రకం కాయకి ఇద్దరు రైతులకి రెండు ధరలు వస్తాయి. పంటలో తేడా ఉండదు, ఆగగలగడంలో తేడా. వడ్డీ నడుస్తున్నవాడు ఏసీలో పెట్టి ఆగలేడు. అప్పు లేనివాడు ఆగుతాడు.

ఇండీ గేమ్ కూడా అచ్చంగా కౌలు సేద్యమే. ముందంతా ఖర్చు, ఆదాయం ఒకేసారి, ధర ఎవరికీ తెలీదు. గేమ్ ఇంకా నాలుగు నెలలు సానబెడితే బాగుంటుందని తెలిసినా, చేతిలో డబ్బు అయిపోతే పచ్చికాయ కోసేసినట్టు రిలీజ్ చేసెయ్యాలి. అందుకే నాకనిపించేది ఏంటంటే, మనలాంటివాళ్ళకి "ఆస్తి" అంటే బ్యాంకులో అంకె కంటే, ఎవరినీ అడక్కుండా ఎన్ని నెలలు ఆగగలం అన్న లెక్క. ఇక నుంచి ఈ వ్యాసంలో డబ్బుని రూపాయల్లో కాకుండా నెలల్లో కొలుస్తాను.

3. వచ్చిన డబ్బుతో ఎవరేం కొన్నారు

నెలల లెక్కతో చూస్తే గెలిచినవాళ్ళ కథలు కూడా వేరేగా కనిపిస్తాయి.

మైన్‌క్రాఫ్ట్ కంపెనీని 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకి కొనేసింది. పెర్సన్ బెవర్లీ హిల్స్‌లో 7 కోట్ల డాలర్లు పెట్టి ఇల్లు కొన్నాడు. మరుసటి ఏడాది, ఇంత ఉన్నా ఒంటరిగా ఉందని అతనే ట్విట్టర్‌లో బహిరంగంగా రాసుకున్నాడు. అతన్ని జడ్జ్ చెయ్యడానికి నేనెవర్ని? కానీ లెక్క ప్రకారం చూస్తే, వెయ్యి జన్మలకి సరిపడా నెలలు కొనుక్కున్న మనిషికి ఆ నెలల్లో చెయ్యాల్సిన పని చేజారిపోయింది. గేమ్ కూడా అమ్మేశాడు కదా.

ఫ్లాపీ బర్డ్ గుర్తుందా? వియత్నాంలో డాంగ్ న్యూయెన్ అనే అతను కొద్ది రోజుల్లో చేసి 2013లో పెట్టాడు. 2014 మొదట్లో ప్రపంచమంతా పాకింది. యాడ్స్ మీద రోజుకి 50 వేల డాలర్లు వస్తోందని వార్తలొచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో తనే గేమ్‌ని తీసేశాడు. జనం వ్యసనంలా ఆడుతున్నారని, తనకి ప్రశాంతత లేకుండా పోయిందని చెప్పాడు. విచిత్రం ఏంటంటే, అప్పటికే ఆ గేమ్ ఉన్న పాత ఫోన్లని ఈబేలో విపరీతమైన ధరలకి అమ్మకానికి పెట్టారు. గేమ్ చేసినవాడికి అక్కర్లేని డబ్బు, ఫోన్ ఉన్నవాడికి కావాల్సొచ్చింది.

టీమ్ చెర్రీది ఇంకో దారి. హాలో నైట్ 2017లో బాగా ఆడింది. తరువాతి గేమ్ సిల్క్‌సాంగ్‌ని 2019లో ప్రకటించారు, 2025 సెప్టెంబర్ 4న గానీ ఇవ్వలేదు. ఆరేళ్ళు! ఇంటర్నెట్ అంతా గోల పెట్టినా వాళ్ళు కంగారు పడలేదు. మనుషుల్ని పెంచలేదు, ఆఫీసు పెంచలేదు, వచ్చిన డబ్బుని నెలలుగానే ఉంచుకున్నారు. చివరికి ఆ గేమ్‌ని 20 డాలర్లకే ఇచ్చారు. ఏసీలో పెట్టి ఆగడం అంటే ఇదే.

వీటన్నిటిలో నన్ను బాగా కదిలించింది డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. టార్న్, జాక్ ఆడమ్స్ అని ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు టార్న్ స్టాన్‌ఫర్డ్‌లో మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ చేసి కూడా, యూనివర్సిటీ కొలువు వదిలేసి ఈ గేమ్ మీద కూర్చున్నాడు. 2006 నుంచి దాన్ని జనానికి ఉచితంగా ఇచ్చారు. బొమ్మలుండవు, కీబోర్డు మీది అక్షరాలే కొండలు, మనుషులు, పిల్లులు. ఇష్టమైనవాళ్ళు పంపే చందాలతో సింపుల్‌గా బతికారు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం కూడా తన సేకరణలో చేర్చుకున్న గేమ్ అది. తరువాత అన్న జాక్‌కి క్యాన్సర్ వచ్చింది. భార్య ఉద్యోగం వల్ల ఇన్సూరెన్స్ ఉండబట్టి గట్టెక్కాడు. అదే జబ్బు తమ్ముడికొచ్చి ఉంటే? ఆ ఆలోచనతోనే 2019లో, బొమ్మలు పెట్టి స్టీమ్‌లో డబ్బుకి అమ్ముతామని ప్రకటించారు. 2022 డిసెంబర్ 6న అమ్మకం మొదలైంది. ధర 30 డాలర్లు. ఆ ఒక్క నెల ఆదాయమే 70 లక్షల డాలర్లు దాటింది. పాత ఉచిత వెర్షన్‌ని మాత్రం అలాగే ఉంచారు.

దీంట్లో మనకో పాఠం ఉంది. తక్కువ ఖర్చుతో బతకడం గొప్పే, పదహారేళ్ళు అలా నడిపారు. కానీ "నెల ఖర్చు" అనే అంకెలో ఆసుపత్రి ఖర్చు లేకపోతే ఆ లెక్క సగం లెక్కే. మన ఇళ్ళలో ఆరోగ్యశ్రీ కార్డు దాచుకునేంత జాగ్రత్తగా దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

4. ఒక్క కాపీ అమ్మితే చేతికొచ్చేది ఎంత

ఇప్పుడు మన వైపు వద్దాం. మీరో గేమ్ చేసి స్టీమ్‌లో 500 రూపాయలకి పెట్టారనుకుందాం.

మన దేశంలో కొన్నవాళ్ళు కట్టే ఆ 500లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. అది పోతే 424. అందులో స్టీమ్ వాటా 30 శాతం, అంటే 127. మిగిలేది 297. సేల్‌లో సగం ధరకి ఇస్తే 148. ఇన్‌కమ్ ట్యాక్స్ వగైరా ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడినవాళ్ళు డబ్బు వెనక్కి అడగొచ్చు. అంటే గంటన్నరలో అయిపోయే చక్కని చిన్న గేమ్ చేస్తే, మొత్తం ఆడేసి కూడా డబ్బు వెనక్కి తీసుకోవచ్చన్నమాట.

ఒక మనిషికి నెలకి 15,000 ఖర్చు అనుకుందాం. గేమ్ చెయ్యడానికి రెండేళ్ళు పట్టిందనుకుందాం. 24 నెలలకి 3,60,000. దాన్ని 297తో భాగిస్తే సుమారు 1,200 కాపీలు. ఇద్దరైతే 2,400. సగం ధరకే పోతే 4,800. ఇదంతా పెట్టుబడి తిరిగి రావడానికే, లాభం ఇంకా మొదలవలేదు. తరువాతి గేమ్‌కి ఇంకో రెండేళ్ళు కావాలంటే ఇంకోసారి అన్ని కాపీలు.

1,200 పెద్ద అంకేం కాదు కదా అనిపిస్తుంది. మన కాలేజీలో ఉన్నంతమంది. కానీ స్టీమ్‌లో 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకి పైగా కొత్త గేమ్స్ వచ్చాయి. 100 డాలర్లు కడితే ఎవరైనా పెట్టుకోవచ్చు. వైకుంఠపాళీలో మనం నిచ్చెన ఎక్కినవాళ్ళని మాత్రమే చూస్తున్నాం. కింది గళ్ళలో ఎంతమంది కూర్చున్నారో ఏ వీడియో చూపించదు.

ఇంకో విషయం, నాకు కోపం తెప్పించేది. 2018 చివర్లో స్టీమ్ తన వాటాని మార్చింది. ఒక గేమ్ కోటి డాలర్లు దాటి సంపాదిస్తే దాటినదాని మీద 25 శాతమే, 5 కోట్లు దాటితే 20 శాతమే. అంటే ఎక్కువ సంపాదించేవాడు తక్కువ కడతాడు, 1,200 కాపీల కోసం కొట్టుకునేవాడు పూర్తి 30 కడతాడు. ఆపిల్ 2021 నుంచి దీనికి రివర్స్‌లో చేసింది, ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు వచ్చే చిన్నవాళ్ళకి 15 శాతమే. ఆపిల్‌కి ఫ్యాన్‌ని కాదు గానీ, ఈ ఒక్క విషయంలో దాని పద్ధతే న్యాయంగా ఉంది.

5. ఫోన్ ఖరీదు నెలల్లో

ఇప్పుడు అందరికీ కొంచెం ఇబ్బందిగా ఉండే చాప్టర్. మన గాడ్జెట్లు.

75,000 ఫోన్ అంటే, నెలకి 15,000 లెక్కన 5 నెలలు. 1,20,000 గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే 8 నెలలు. "గేమ్ డెవలప్‌మెంట్ కోసమే కొన్నా" అనే మాట హాస్టల్‌లో ప్రతి ఫ్లోర్‌లోనూ వినిపిస్తుంది. కానీ పైన చెప్పిన గేమ్స్ చూడండి. బలాత్రో రాసింది లువా అనే చిన్న భాషలో, లవ్ అనే ఉచిత ఫ్రేమ్‌వర్క్ మీద. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అక్షరాలతో. సెలెస్ట్ అనే అద్భుతమైన గేమ్ మొదటి రూపం పికో-8 మీద నాలుగు రోజుల్లో పుట్టింది. పికో-8 అంటే 128 బై 128 పిక్సెళ్ళు, 16 రంగులు, అంతే. ఏదీ గ్రాఫిక్స్ కార్డు వల్ల హిట్ అవ్వలేదు. పైగా మన ఊళ్ళలో ఎక్కువమంది ఆడేది పదివేల ఫోన్ల మీద. మీ గేమ్ ఖరీదైన మెషీన్ మీదే నడుస్తుంటే, మన జనం దాన్ని ఆడనే లేరు.

అసలు ప్రమాదం ధరలో కంటే ఈఎంఐలో ఉంది. చిన్న లెక్క చూడండి.

మొదటి ఉద్యోగంలో చేతికి 30,000 వస్తుందనుకుందాం. ఖర్చు 15,000, మిగులు 15,000. అంటే ఉద్యోగం చేసిన ప్రతి నెలా ఇంకో నెలని కొనిపెడుతుంది. రెండేళ్ళు చేస్తే 24 నెలలు చేతిలో ఉంటాయి, ఒక గేమ్‌కి సరిపడా.

ఇప్పుడు అదే జీతంలో ఫోన్‌కి 5,000, బైక్‌కి 5,000 ఈఎంఐ పెట్టండి. ఒకటి అయిపోగానే ఇంకోటి మొదలవుతుంది, మనందరికీ తెలిసిందే. ఖర్చు 25,000 అయింది, మిగులు 5,000. రెండేళ్ళకి 1,20,000 పోగవుతుంది. కానీ ఇప్పుడు ఒక నెల బతకడానికి కావాల్సింది కూడా 25,000 కదా! 1,20,000ని 25,000తో భాగిస్తే 4.8. ఐదు నెలలు కూడా లేవు.

నెలకి పది వేల తేడా 24 నెలల్ని ఐదుకి దించేసింది. ఎందుకంటే ఈఎంఐ రెండు వైపులా కోస్తుంది. మిగులుని తగ్గిస్తుంది, నెల ఖరీదుని పెంచుతుంది. పైది తగ్గి కిందది పెరిగితే భిన్నం ఏమవుతుందో మనకి చిన్నప్పుడే చెప్పారు. అప్పు చేసి పప్పుకూడు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

దీనికి ఒక మాట చేర్చకపోతే అన్యాయం అవుతుంది. అందరి ఆటా ఒకే గడి నుంచి మొదలవదు. ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్ళున్నారు, ఇంటికి నెలనెలా పంపాల్సినవాళ్ళున్నారు, చెల్లెలి ఫీజు కట్టాల్సినవాళ్ళున్నారు. వాళ్ళ నెల ఖరీదు మొదటిరోజే 25,000. అది ఫోన్ కోసం చేసిన అప్పు కాదు, ఆ డబ్బుతో ఇంకొకరి నెలలు గడుస్తున్నాయి. ఎరిక్ బరోన్ కథలో థియేటర్ పక్కన ఇంకో సంపాదన ఉంది. మనలో చాలామంది ఇళ్ళలో ఆ రెండో సంపాదన మనమే. ఈ తేడా చెప్పకుండా "నీ ప్యాషన్ ఫాలో అయిపో" అనే వీడియోలంటే నాకు నమ్మకం లేదు.

6. పనిముట్టు ఎవరిది?

కౌలు రైతుకి భూమి వేరేవాడిది. గేమ్ చేసేవాడికి కూడా చాలాసార్లు అంతే. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ కంపెనీ ఒక ప్రకటన చేసింది. తమ ఇంజిన్‌తో చేసిన గేమ్, ఒక పరిమితి దాటాక, ఎవరైనా ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ డెవలపర్ రుసుము కట్టాలని. ఏళ్ళ తరబడి ఆ ఇంజిన్ మీద పని చేసినవాళ్ళు హడలిపోయారు. గొడవ పెద్దదయ్యాక కొంత తగ్గించారు, ఏడాది తరువాత గేమ్స్ మీద ఆ రుసుము పూర్తిగా ఎత్తేశారు. కానీ పంట మధ్యలో ఉండగా కౌలు పెంచుతానన్న ఆసామిని ఎవరు మర్చిపోతారు? ఆ గొడవలో చాలామంది గొడో వైపు చూశారు. అది ఓపెన్ సోర్స్, ఉచితం, వాటా అడిగేవాడు లేడు. నేను నేర్చుకుంటున్నది కూడా అదే. మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది.

డబ్బొచ్చాక తన గేమ్ ఎవరి చేతిలోకి పోవాలో ఆలోచించినవాడు కూడా ఉన్నాడు. బలాత్రో పేకముక్కల గేమ్, కానీ అందులో అసలు డబ్బు పెట్టడం ఉండదు. దాన్ని ఏ జూదం కంపెనీకీ ఎప్పటికీ అమ్మకూడదు, హక్కులివ్వకూడదు అని లోకల్‌థంక్ తన వీలునామాలోనే రాసుకున్నట్టు చెప్పాడు. మొదట్లో రమ్మీ గురించి ఎందుకు మాట్లాడానో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. పేకముక్కలు అవే. ఆడేవాడి జేబు ఖాళీ చేసే ఆటకీ, ఒకసారి కొనుక్కుని హాయిగా ఆడుకునే ఆటకీ మధ్య గీత గీసింది చేసినవాడే. చేతిలో నెలలు లేనివాడు ఆ గీత గియ్యగలడా? పెద్ద చెక్కు పట్టుకుని ఎవరైనా వస్తే, అద్దె బాకీ ఉన్నవాడు కాదనడం చాలా కష్టం.

7. లిటరరీ క్లబ్‌లో ఈ గోల ఎందుకంటే

2023లో వెన్బా అనే గేమ్ వచ్చింది. టొరంటోలో ఒక చిన్న టీమ్ చేసింది. 1980లలో కెనడాకి వెళ్ళిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి దగ్గర చిరిగిపోయిన వంటల పుస్తకం ఉంటుంది, అందులో చెరిగిపోయిన ముక్కల్ని మనం ఊహించి వంట పూర్తి చెయ్యాలి. మొదట ఇడ్లీ. కొడుకు పెద్దవుతూ తమిళానికి దూరమవుతాడు. ఇంగ్లీషు మీడియంలో పెరిగి, ఇప్పుడు ఈ క్లబ్‌లో కూర్చుని ఒత్తులు సరిచేసుకుంటున్న నాకు ఆ కొడుకు పరాయివాడిలా అనిపించలేదు.

పుణేలో చేసిన రాజీ అనే గేమ్ ఉంది. మన పురాణాలు, మన కోటలు. 2017లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా ఆ టీమ్ వదల్లేదు, 2020లో గేమ్ బయటికొచ్చింది. మధ్యలో ఆ మూడేళ్ళూ ఎలా గడిచి ఉంటాయో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు.

తెలుగులో మాట్లాడే గేమ్, మన పులీ-మేకా, మన అమ్మమ్మల వంటిల్లు, మన మిర్చి యార్డు ఉన్న గేమ్ ఒకటి చెయ్యాలంటే, మార్కెట్ చిన్నదని ఏ పెట్టుబడిదారుడూ ముందుకు రాడు. అతన్ని తప్పుపట్టలేం, అతని లెక్క అతనిది. అలాంటి గేమ్ రావాలంటే ఎవరో ఒకరి దగ్గర సొంత నెలలు ఉండాలి. ఒకరి దగ్గర 24 లేకపోతే ముగ్గురి దగ్గర తలా 8 ఉండాలి. అందుకే పర్సనల్ ఫైనాన్స్ అనేది కామర్స్ వాళ్ళ సబ్జెక్ట్ అని నేను అనుకోవట్లేదు. భాషలో ఏ కథలు పుడతాయో అన్నది కూడా దాంట్లోనే ఉంది.

చివరగా, హోంవర్క్. ఒక కాగితం మీద మీ నెల ఖర్చు రాయండి, ఈఎంఐలు, రీఛార్జులు, ఇంటికి పంపాల్సింది, జబ్బు చేస్తే అయ్యేది, అన్నీ కలిపి. దాని కింద, ఉద్యోగం వచ్చాక నెలకి ఎంత మిగులుతుందో రాయండి. కిందదాన్ని పైదానితో భాగించండి. ఒక నెల ఉద్యోగం మీకు ఎన్ని సొంత నెలలు కొనిపెడుతుందో అదే మీ అంకె. రేపు ఎవరైనా కొత్త ఫోన్ చూపించినా, ఒక్కడే గేమ్ చేసి కోట్లు సంపాదించాడని కథ చెప్పినా, ఆ అంకెని పక్కన పెట్టుకుని వినండి.

నా కాగితం రాసి నాన్నకి చూపించాను. ఖర్చు 16,500, మిగులు 13,500. భాగిస్తే 0.8. అంటే 24 నెలలు కావాలంటే 30 నెలలు ఉద్యోగం చెయ్యాలి. ఆయన కాసేపు చూసి, "ఆస్పత్రి ఖర్చు తక్కువ రాశావు" అన్నారు. దిద్దుతున్నాను.